పడని షాట్ కాదు, వెయ్యని షాట్

2025 ఏప్రిల్ 7, శాన్ ఆంటోనియో, ఆలమోడోమ్. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ ఫైనల్. గడియారంలో 19.7 సెకన్లు మిగిలాయి. ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63, బంతి హ్యూస్టన్ చేతిలో. ఒక బుట్ట పడితే సమం, మూడు పాయింట్లది పడితే హ్యూస్టన్ విశ్వవిద్యాలయ చరిత్రలో మొదటి జాతీయ టైటిల్. ఇమాన్యుయెల్ షార్ప్ త్రీ పాయింట్ గీత బయట బంతి అందుకుని షాట్‌కి పైకి లేచాడు. ఎదురుగా ఫ్లోరిడా ఆటగాడు వాల్టర్ క్లేటన్ అమాంతం గాల్లోకి వచ్చేశాడు. ఆ చెయ్యి చూసి షార్ప్ షాట్ మానుకుని గాల్లోనే బంతి కిందికి వదిలేశాడు. ఇక అది నేలమీద తుళ్ళుతూ ఉంటే పక్కనే నిలబడి చూడటం తప్ప ఏమీ చెయ్యలేడు. షాట్‌కి లేచి వదిలేసిన బంతిని మళ్ళీ తనే ముందు ముట్టుకుంటే ట్రావెల్, అంటే తప్పు కింద లెక్క, బంతి ఎదుటి జట్టుకి. ఫ్లోరిడా పొడుగువాడు అలెక్స్ కాండన్ దాని మీదికి దూకాడు. ఆట ముగిసింది.

ఆ తర్వాత హ్యూస్టన్ అభిమానుల్లో మూడు వాదనలు తిరుగుతున్నాయి. దురదృష్టం అని ఒకటి. రెఫరీలు ముంచారని ఒకటి. కోచ్ కెల్విన్ శాంప్సన్ నత్తనడక ఆటే కొంప ముంచిందని మూడోది. మొదటి రెండింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడోదాంట్లో కొంత పస ఉంది గానీ జనం అనుకున్నంత లేదు. నా వాదన ఇంకొకటి. హ్యూస్టన్ ఓడింది షాట్ పడక కాదు, షాట్ వెయ్యక. మామూలు జట్టుకైతే ఈ రెండింటికీ తేడా ఉండదు, హ్యూస్టన్‌కి మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత ఉంది.

ముందు సీజన్ లెక్క చూద్దాం. 35 గెలుపులు, 5 ఓటములు. బిగ్ 12 లీగ్‌లో 19–1, ఆపైన ఆ లీగ్ టోర్నీ కూడా. ఓడిన అయిదూ వరసగా: ఆబర్న్ చేతిలో 74–69, ఆలబామా చేతిలో 85–80, శాన్ డియేగో స్టేట్ చేతిలో 73–70, టెక్సాస్ టెక్ చేతిలో 82–81, చివరికి ఫ్లోరిడా చేతిలో 65–63. తేడాలన్నీ కూడితే 16 పాయింట్లు. ఏడాది మొత్తానికి! అందులో మూడు ఓవర్‌టైమ్‌లో పోయినవి. ఈ జట్టును ఎవరూ చితక్కొట్టలేదు. టెక్సాస్ టెక్ ఆటైతే మరీ చిత్రం. వాళ్ళ మేటి ఆటగాడు జేటీ టాపిన్ మొదటి నిమిషాల్లోనే బహిష్కరణకు గురయ్యాడు, కోచ్‌ని కూడా బయటికి పంపేశారు, అయినా హ్యూస్టన్ సొంత గడ్డమీద ఓడింది.

ఇప్పుడు నత్తనడక సంగతి. కాలేజీ ఆట 40 నిమిషాలు, షాట్ క్లాక్, అంటే బంతి అందాక షాట్ వెయ్యడానికి గడువు, 30 సెకన్లు. చాలా జట్లు ఆటకి 70కి అటూ ఇటూగా పొసెషన్లు (బంతి తమ చేతికొచ్చే దఫాలు) ఆడతాయి. హ్యూస్టన్ 60 ప్రాంతంలో ఆపేస్తుంది. అవకాశాలు తగ్గేకొద్దీ మెరుగైన జట్టు తన మెరుగు చూపించుకునే సందు తగ్గుతుంది, కాబట్టి వేగంగా ఆడితే గెలిచేవాళ్ళం అన్నది వాదన. సూత్రం సరైనదే, ఇరవై ఓవర్ల ఆటకన్నా అయిదు ఓవర్ల ఆటలో చిన్న జట్టు పెద్ద జట్టును తేలిగ్గా కొట్టేస్తుంది కదా. కానీ ఎంత తేడా? కాగితం మీద వేసి చూడండి. ఒక జట్టు ఎదుటి జట్టుకన్నా వంద పొసెషన్లకి 10 పాయింట్లు మెరుగు అనుకుందాం. 70 పొసెషన్ల ఆటలో సగటు ఆధిక్యం 7, స్కోరు తేడా అటూ ఇటూ ఊగేది 11 అనుకుంటే గెలిచే అవకాశం 74 శాతం దరిదాపు. అదే జట్టు 60 పొసెషన్లే ఆడితే ఆధిక్యం 6కి దిగుతుంది, ఊగిసలాట కూడా 10.2కి దిగుతుంది, గెలిచే అవకాశం 72. రెండు శాతం! ఆ రెండు శాతం కోసం శాంప్సన్ తన డిఫెన్స్‌ని పణంగా పెట్టాలా? ఆ డిఫెన్స్ ఆ ఏడాది ఎదుటివాళ్ళకి ఆటకి 58 పైచిలుకు పాయింట్లే ఇచ్చింది, దేశం మొత్తంమీద అందరికన్నా తక్కువ. టెనెసీని జాతీయ టోర్నీ ప్రాంతీయ ఫైనల్లో మొదటి సగమంతా 15 పాయింట్ల దగ్గర కట్టేసింది. వేగం పెంచితే ముందు చెడేది అదే.

ఎందుకు చెడుతుందో తెలియాలంటే అది ఎలా నడుస్తుందో చూడాలి. ఎదుటి జట్టు గార్డు, అంటే బంతి నడిపించేవాడు, బంతితో వస్తున్నప్పుడు అతని జట్టు పొడుగువాడు వచ్చి అడ్డంగా నిలబడతాడు, అదే స్క్రీన్. మామూలు జట్లలో మన పొడుగువాడు వెనక్కి తగ్గి బుట్ట కాస్తాడు. హ్యూస్టన్‌లో తగ్గడు. గార్డుతో పాటు బంతి మీదికే ఉరుకుతాడు. బంతిమీద ఇద్దరు, మిగిలిన ముగ్గురు నలుగురిని కాయాలి. ఈ లెక్క ఒకటి, ఒకటిన్నర సెకన్లే నిలుస్తుంది. అంతలోపల బంతి పట్టుకున్నవాడు డ్రిబుల్ ఆపాలి, లేదా వెనక్కి నడవాలి. పొడుగువాడు ఒక్క అడుగు ఆలస్యంగా వస్తే గార్డు ఇద్దరి మధ్యలోంచి దూరిపోతాడు. నిటారుగా కాళ్ళు బిగించి వస్తే ఫౌల్. సరిగ్గానే వచ్చినా వెనక ముగ్గురిలో ఒకడు కదలకపోతే, స్క్రీన్ వేసినవాడు ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే షాట్) గీత దగ్గర ఖాళీగా బంతి అందుకుంటాడు, అక్కణ్ణుంచి నలుగురు ముగ్గురి మీదికి వస్తారు. దిగువన పోస్టులో, అంటే బుట్ట పక్కన, బంతి పడితే ఇదే తంతు, రెండో పొడుగువాడు అవతలి పక్కనుంచి పరుగెత్తుకొచ్చి ఇద్దరవుతారు. ఊపిరాడకుండా పరుగెత్తిన కాళ్ళతో ఇది సాధ్యం కాదు. ఆట నెమ్మదిగా ఉంటేనే కాళ్ళు మిగులుతాయి.

ఇంకో ఆయుధం రీబౌండ్, అంటే పోయిన షాట్ బంతిని అందుకోవడం. హ్యూస్టన్ ప్రాక్టీసులో బుట్ట మీద ప్లాస్టిక్ బుడగ ఒకటి బిగిస్తారు. ఏ షాటూ లోపలికి పోదు. వేసిన ప్రతి బంతీ తిరిగొస్తుంది, దాని కోసం కొట్టుకోవాలి. దీన్ని చాలామంది కోచ్ మొండితనానికి గుర్తుగా చెప్పుకుని నవ్వుకుంటారు. నిజానికి అదో ఆలోచన. మన షాట్ పోతుంది అన్న నమ్మకంతోనే ఆట మొదలుపెట్టు, పోయాక ఏం చేస్తావో అదే నీ పని. ఈ జట్టు తన పోయిన షాట్లలో మూడింట ఒక వంతుకి పైగా మళ్ళీ చేజిక్కించుకుంటుంది. జోసెఫ్ టగ్లర్ ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలే, చేతులు చాపితే మాత్రం ఏడున్నర అడుగులు.

ఇప్పుడు హ్యూస్టన్ ఆ జాతీయ టోర్నీలో గట్టెక్కిన తీరు గుర్తుచేసుకోండి. పర్డ్యూ మీద, ఇండియనాపొలిస్‌లో, 60–60. మిలోస్ ఉజాన్ షాట్ పోయింది. టగ్లర్ చెయ్యి అందించాడు, అదీ పడలేదు, బంతి గీత దాటింది, హ్యూస్టన్‌దే అన్నారు. రెండు సెకన్ల పైచిలుకు మిగిలింది. ఉజాన్ బయటినుంచి టగ్లర్‌కి ఇచ్చి లోపలికి దూసుకెళ్ళాడు, టగ్లర్ మళ్ళీ అతనికే అందించాడు, బుట్ట పక్కనుంచే లేఅప్. 62–60. ఆ చివరి సెట్ ప్లేని (ముందే గీసుకున్న ఎత్తుని) అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ ప్లే గీసే అవకాశం వచ్చిందే పోయిన షాట్ మీద చెయ్యి పడ్డందుకు.

డ్యూక్‌తో సెమీఫైనల్ ఇంకా స్పష్టం. ఆ ఏడాది దేశంలో మేటి ఆటగాడు కూపర్ ఫ్లాగ్ ఉన్న జట్టు, ఎనిమిది నిమిషాలు మిగిలి ఉండగా 14 పాయింట్ల ముందంజ. చివరి పది నిమిషాల పైచిలుకులో డ్యూక్‌కి మైదానంలోంచి పడిన బుట్ట ఒక్కటే. అయినా ఇంకా అరనిమిషమే ఉందనగా ఆరు పాయింట్లు వెనకబడి ఉంది హ్యూస్టన్. షార్ప్ త్రీ వేశాడు. డ్యూక్ బంతి లోపలికి వెయ్యబోతే మైలిక్ విల్సన్ లాక్కున్నాడు. త్రీ వేశాడు, పోయింది. టగ్లర్ పైనుంచి బాదేశాడు, 67–66. తర్వాత డ్యూక్ గార్డు టైరీస్ ప్రాక్టర్‌కి ఫ్రీ త్రో. అది వన్-అండ్-వన్, అంటే ఒకటి పడితేనే రెండోది. మొదటిదే పోయింది. ఆ రీబౌండ్ దగ్గర ఫ్లాగ్ జె'వాన్ రాబర్ట్స్ వీపు మీదికి ఎక్కాడని ఫౌల్. 19.6 సెకన్లు ఉన్నాయి, రాబర్ట్స్ రెండూ వేశాడు, 68–67. ఫ్రీ త్రోల దగ్గర ఎప్పుడూ గుండె దడ పుట్టించే రాబర్ట్స్! చివరికి 70–67.

విల్సన్ త్రీ పోయింది కాబట్టే టగ్లర్‌కి ఆ బంతి దొరికింది. జనవరిలో కాన్సస్ గడ్డమీద, మొదటి ఓవర్‌టైమ్ చివర్లో ఆరు పాయింట్ల వెనకనుంచి లేచి రెండో ఓవర్‌టైమ్‌లో 92–86తో గెలిచినప్పుడూ ఇదే కథ: బంతి ఎదుటివాడు లోపలికి వెయ్యాలి, వీళ్ళు మీద పడాలి, లాక్కోవాలి. హ్యూస్టన్ చివరి అరనిమిషంలో అసలు ప్రమాదకరమయ్యేది బంతి ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు, లేదా ఎవరి చేతిలోనూ లేనప్పుడు. బంతి తన చేతిలోనే ఉన్నప్పుడు కాదు.

ఫైనల్లో సరిగ్గా ఆ మూడో పరిస్థితే వచ్చింది. రెండో సగం మొదట్లో 42–30తో 12 పాయింట్ల ఆధిక్యం. క్లేటన్‌కి మొదటి సగంలో ఒక్క పాయింటూ రాలేదు, ఆట మొత్తానికి 11. సెమీస్‌లో ఆబర్న్ మీద 34 కొట్టినవాడు! దాదాపు ఆటంతా హ్యూస్టన్‌దే పైచెయ్యి, ఫ్లోరిడా ముందున్నది ఒక నిమిషం చిల్లర. అందులో ఎక్కువ భాగం చివర్లోనే. ఫ్లోరిడా ఆటగాడు ఆలిజా మార్టిన్ రెండు ఫ్రీ త్రోలతో 64–63. తర్వాత షార్ప్ లోపలికి దూసుకెళ్తే బంతి చెదిరి బయటికి పోయింది, షాట్ లేదు. ఫ్లోరిడా ఒక ఫ్రీ త్రో వేసి 65. తర్వాత మొదట్లో చెప్పిన ఆ 19.7 సెకన్లు. మళ్ళీ షాట్ లేదు. కబడ్డీలో చివరి కూతకి వెళ్ళి ఎవర్నీ తాకకుండా ఊపిరి పోగొట్టుకుని తిరిగొచ్చినట్టు.

షార్ప్‌ని తిట్టడం నాకు ఇష్టం లేదు. క్లేటన్ అంత దూరం దూకుతాడని ఎవరూ అనుకోరు. (షార్ప్ తండ్రి డెరిక్ 2004లో మక్కాబీ టెల్ అవీవ్ తరఫున లిథువేనియా జట్టు జాల్‌గిరిస్ మీద ఆఖరి క్షణంలో వేసిన త్రీ గురించి ఇజ్రాయెల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఇంటి కుర్రాడికే ఇలా రాసిపెట్టి ఉంది.) పంప్ ఫేక్ ఇచ్చి, అంటే షాట్ వేస్తున్నట్టు నటించి, క్లేటన్‌ని గాల్లో పంపేసి ఒక డ్రిబుల్‌తో లోపలికి దిగి ఉంటే ఎలా ఉండేదో అందరికీ తెలుసు. నా ఫిర్యాదు అంతకుముందు పదిహేను సెకన్ల మీద. రెండు పాయింట్లు వెనకబడిన జట్టు ఆఖరి షాట్‌ని ఎప్పుడు వెయ్యాలి?

మామూలు పాఠం ఏమిటంటే వీలైనంత ఆలస్యంగా, ఎదుటివాడికి తిరిగి కొట్టే సమయం ఇవ్వకుండా. ముందున్న జట్టుకో, సమంగా ఉన్న జట్టుకో అది సరే. వెనకబడ్డ జట్టుకి, అందులోనూ రీబౌండ్ మీద బతికే జట్టుకి అది ఆత్మహత్యే. ఉజ్జాయింపు లెక్క ఒకటి. బుట్ట దగ్గరి రెండు పాయింట్ల షాట్ పడే అవకాశం నూటికి 40 అనుకోండి. గంట మోగేటప్పుడు వేస్తే అంతే, 40. అదే ఏడు సెకన్లు ఉండగా వేస్తే, పోయే 60లో మూడో వంతుకి పైగా, అంటే 21 సార్లు, బంతి మళ్ళీ మన చేతికొస్తుంది. అందులో సగం పడ్డాయనుకున్నా ఇంకో పది. నూటికి 50. రీబౌండ్ అందుకుని అక్కడే తిరిగి వెయ్యడానికి రెండు సెకన్లు చాలు, బయటికి పంపి త్రీ వెయ్యడానికి నాలుగు. మిగిలిన సమయంలో ఎదుటివాడు కొట్టేస్తాడేమో అంటారా, కొట్టనీండి, వెనకబడ్డవాడికి సమం కాకపోవడమే కదా ఓటమి. పైగా షాట్ పోయి బంతి వాళ్ళ చేతికెళ్ళినా అయిదు సెకన్లు ఉంటే వెంటనే ఫౌల్ చేసి ఫ్రీ త్రో గీత దగ్గరికి పంపొచ్చు. డ్యూక్ కథ నడిచింది అలాగే.

కాబట్టి 19.7లో 11 దగ్గర కదలాలి, 7 దగ్గర బంతి చెయ్యి విడవాలి. త్రీ కాదు, లోపల. ఆ రాత్రి వాళ్ళు త్రీలు 25 వేసి 6 పడగొట్టారు, సీజన్‌లో నూటికి 40 దాకా పడే చేతులు అవి. పడని రాత్రి ఇంకోటి ప్రయత్నించడం కన్నా టగ్లర్, రాబర్ట్స్ బుట్ట కింద ఉండగా బోర్డుకి తగిలేలా ఏదో ఒకటి పైకి విసరడమే మేలు. బుడగ పెట్టి నేర్పింది అదే కదా!

ఈ విశ్వవిద్యాలయానికి ఈ పాఠం ఒకసారి ముందే, అవతలి పక్కనుంచి, చెప్పి ఉన్నారు. 1983 ఫైనల్, ఆల్బుకర్కీ. హకీమ్ ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్న, 'ఫై స్లామా జామా' అని పేరుపడ్డ హ్యూస్టన్ జట్టు. ఎదుటి జట్టు ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్) గార్డు డెరెక్ విటెన్‌బర్గ్ దూరంనుంచి వేసిన బంతి బుట్ట దాకా కూడా రాలేదు. లోరెంజో చార్లెస్ గాల్లో పట్టి కుక్కేశాడు. 54–52. దాన్ని అదృష్టం అన్నారు హ్యూస్టన్ జనం. విటెన్‌బర్గ్ ఇంకో రెండు సెకన్లు ఆలస్యం చేసి ఉంటే చార్లెస్‌కి సమయం ఉండేదా?

2025 దాకా ఏడుసార్లు ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్ల దశ), ఒక్క టైటిల్ లేదు. 1967, 68, 82, 83, 84, 2021, 2025. 2021లో సెమీస్‌లో 78–59తో వీళ్ళని ఊడ్చేసిన బేలర్ జట్టులో ఎల్‌జే క్రయర్ ఉన్నాడు. అదే క్రయర్ 2025 ఫైనల్లో హ్యూస్టన్ తరఫున 19 పాయింట్లు చేశాడు. ఈ తరంలో జట్టు అంటే ఇంతే, ఎవరు ఎక్కడివాళ్ళో రాసి పెట్టుకోవాలి.

మరి 2025–26 సీజన్‌కి? క్రయర్, రాబర్ట్స్, విల్సన్ వెళ్ళిపోయారు. టెర్రెన్స్ ఆర్సెనో ఎన్‌సీ స్టేట్‌కి మారాడు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి, అంటే వృత్తి జట్లు కొత్తవాళ్ళని ఎంచుకునే చోటికి, పేరిచ్చి వెనక్కి తీసుకున్న ఉజాన్‌తో పాటు షార్ప్, టగ్లర్ మిగిలారు. కొత్తగా ముగ్గురు ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాది విద్యార్థులు), ముగ్గురూ దేశవ్యాప్తంగా పెద్ద జట్లు వెంటపడ్డవాళ్ళే: న్యూ ఆర్లీన్స్ నుంచి పొడుగువాడు క్రిస్ సెనాక్, వింగ్ (పక్కలనుంచి ఆడేవాడు) ఐజాయా హార్వెల్, శాన్ ఆంటోనియో గార్డు కింగ్‌స్టన్ ఫ్లెమింగ్స్. అభిమానులు ఈ పేర్లు చూసి ఇప్పుడే ట్రోఫీకి గూడు కట్టేస్తున్నారు. నాకు అంత ధీమా లేదు.

అందరూ క్రయర్ షూటింగ్ గురించి బెంగపడుతున్నారు. అది ఎలాగోలా పూడుతుంది. పూడనిది రాబర్ట్స్ ఖాళీ. 2019లో ఈ కాలేజీకొచ్చి ఆరేళ్ళు ఉన్నాడతను. పైన చెప్పిన డిఫెన్స్‌లో బంతి మీదికి ఉరికి, ఒకటిన్నర సెకన్లలో తన మనిషి దగ్గరికి తిరిగి పరుగెత్తే పని అతనిది. అది ఎత్తుతో వచ్చేది కాదు, ఎప్పుడు బయల్దేరాలో తెలిసి ఉండటంతో వచ్చేది. సెనాక్ అతనికన్నా పొడుగు, షాట్ కూడా ఉంది. కానీ పద్దెనిమిదేళ్ళ పొడుగువాడు ఈ పద్ధతిలో మొదట నేర్చుకునేది ఫౌల్ చెయ్యడమే. పది నిమిషాల్లో రెండు ఫౌళ్ళు పడితే బెంచి మీదికి. అప్పుడు టగ్లర్ ఒక్కడే అన్నీ చెయ్యాలి, టగ్లర్‌కీ ఫౌళ్ళ బెడద తక్కువేం కాదు. సామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి తెచ్చుకున్న కలీఫా సాఖో ఆటకి పన్నెండు నిమిషాలు ఒళ్ళు దాచుకోకుండా ఇస్తే చాలు, ఆ పన్నెండూ సెనాక్ చదువుకి ఫీజు. ఇలాగే ఫ్రెష్‌మన్‌గా వచ్చిన జరేస్ వాకర్ సంగతి గుర్తుండే ఉంటుంది. ఒక్క ఏడాది ఆడి 2023 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో స్థానంలో వెళ్ళిపోయాడు, జట్టు మాత్రం మయామీ చేతిలో 89–75తో పదహారు జట్ల దశలోనే ఆగింది.

హార్వెల్ మోకాలి ఏసీఎల్ (లిగమెంటు) గాయం నుంచి తిరిగొస్తున్నాడు. అలాంటి కాలికి ముందు దెబ్బతినేది పక్కకి జరగడం, అంటే శాంప్సన్ మొదట అడిగేదే. 2026 జనవరి దాకా అతన్నించి ఏమీ ఆశించకపోవడం మంచిది.

ఫ్లెమింగ్స్ విషయంలో మాత్రం నాకు ఆశ ఉంది, అదీ నా వాదనకి సరిపడే కారణంతోనే. క్రయర్, షార్ప్, ఉజాన్ ముగ్గురూ మంచి షూటర్లు. ముగ్గురిలో ఎవడూ ఒంటరిగా తన డిఫెండర్‌ని దాటుకుని ఎప్పుడంటే అప్పుడు బుట్ట దగ్గరికి చేరగలవాడు కాదు. ఫైనల్ చివర్లో కనబడింది ఆ లోటే. ఫ్లెమింగ్స్ మొదటి అడుగు వేరు. అతను పెయింట్‌లోకి, అంటే బుట్ట ముందరి చోటులోకి, దిగితే ఇద్దరు డిఫెండర్లు లోపలికి గుంజుకుపోతారు, అప్పుడు అతని షాట్ పోయినా టగ్లర్‌కి ఎదురు ఎవరూ ఉండరు. చివరి ఇరవై సెకన్లు అతని చేతిలో పెట్టి ఉజాన్‌ని మూలకి పంపాలి. నాలుగో ఏడాది గార్డుని పక్కన పెట్టి ఫ్రెష్‌మన్‌కి బంతి ఇవ్వడం శాంప్సన్ స్వభావానికి పడదు. ఆయనకి 2025 అక్టోబరుకి డెబ్భై. ఆయన తర్వాత కొడుకు కెలెన్ అని విశ్వవిద్యాలయం ముందే తేల్చేసింది కాబట్టి ఆ విషయంలో కంగారు లేదు.

డబ్బు సంగతి కూడా ఒక్క ముక్క. 2025 జులై నుంచి కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా చెల్లించొచ్చు, అన్ని ఆటలకీ కలిపి మొదటి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల పరిమితి. బిగ్ 12లో చేరిన మొదటి రెండేళ్ళూ హ్యూస్టన్‌కి టీవీ సొమ్ములో పూర్తి వాటా రాలేదు, 2025–26 నుంచి వస్తుంది. హ్యూస్టన్ సొంత మైదానం ఫర్టిట్టా సెంటర్‌లో పట్టేది ఏడువేల పైచిలుకు మనుషులే, ఇరవై వేల సీట్లున్న కెంటకీలాంటి వాళ్ళతో టికెట్ల మీద పోటీ పడలేరు. అక్కడ చదివే మన తెలుగు పిల్లలు స్టూడెంట్ సెక్షన్‌లో చోటు కావాలంటే ముందే వెళ్ళి వరసలో నిలబడాల్సిందే.

2026లో దక్షిణ ప్రాంతీయ పోటీలు హ్యూస్టన్ ఊళ్ళోనే, టొయోటా సెంటర్‌లో. ఫైనల్ ఫోర్ ఇండియనాపొలిస్‌లో. అక్కడిదాకా సంగతి మార్చిలో చూసుకోవచ్చు. నేను చూడబోయేది 2025 నవంబరు, డిసెంబరు ఆటలు, అందులోనూ రెండు మూడు పాయింట్ల తేడాతో చివరి నిమిషంలోకి వచ్చినవి. స్కోరు పట్టించుకోను. గడియారం 12 దగ్గరున్నప్పుడు బంతి ఎవరి చేతిలో ఉందో, 7 దగ్గరున్నప్పుడు అది గాల్లో ఉందో లేదో రాసి పెట్టుకుంటాను.